ఏ గీత చెరపాలి?

(ఒక డిగ్రీ కళాశాలలో మూడు దశాబ్దాలకు పైగా లెక్కలు చెప్పిన అధ్యాపకుడి స్మారకోపన్యాసానికి అచ్చు పాఠం)

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు క్లాసులో సుద్దముక్క కంటే డస్టరుకే ఎక్కువ పని చెప్పేవారని ఆయన శిష్యులు నవ్వుతూ చెబుతారు. బోర్డు మీద పది చుక్కలు పెట్టి, వాటి మధ్య అడ్డదిడ్డంగా గీతలు కలిపి, తర్వాత ఒక్కొక్కటే చెరుపుతూ "ఇప్పుడేమైంది?" అని అడిగేవారట. ఏమీ కాకపోతే ఇంకొకటి చెరిపేవారు. ఎక్కడో ఒకచోట బొమ్మ రెండు ముక్కలయ్యేది. అప్పుడు చేతికంటిన సుద్ద దులుపుకొని పాఠం మొదలుపెట్టేవారు. ఈ ఉపన్యాసానికి విషయం ఆ చెరపడమే.

చుక్కలూ గీతలూ తెలుగు వాకిళ్లకు కొత్తవి కావు. మెలికల ముగ్గులో గీత చుక్క చుట్టూ తిరుగుతుంది, గీతల ముగ్గులో చుక్కను చుక్కతో కలుపుతుంది. గణితంలో గ్రాఫ్ అనేది ఈ రెండో రకం. చుక్క ఊరు కావచ్చు, మనిషి కావచ్చు, జన్యువు కావచ్చు. గీత రోడ్డు కావచ్చు, స్నేహం కావచ్చు, పగ కూడా కావచ్చు. బొమ్మ అందంతో ఇక్కడ పని లేదు. ఏ చుక్క దేనితో కలిసిందన్నదొక్కటే లెక్క. ప్రశ్న కూడా చిన్నదే: వీలైనన్ని తక్కువ గీతలు చెరిపి ఈ బొమ్మకు ఫలానా లక్షణం తెప్పించాలి, ఏవి చెరపాలి? ఆ లక్షణం ఏదన్నదాన్ని బట్టి ఇదే ప్రశ్న ఒకచోట పిల్లల ఆట, మరోచోట కొరకరాని కొయ్య. ఆ రెంటి మధ్య పొలిమేర ఎక్కడుందో చూసి చెప్పడం ఈ విద్యలో తలపండినవాళ్లకు కూడా కష్టమే.

1955 అక్టోబరులో అమెరికాలోని రాండ్ సంస్థలో టి.ఇ. హారిస్ అనే గణితవేత్త, ఎఫ్.ఎస్. రాస్ అనే విశ్రాంత జనరల్ కలిసి ఒక రహస్య నివేదిక తయారుచేశారు. విషయం సోవియట్ రైలు మార్గాలు. ఆ విశాలమైన వ్యవస్థను వాళ్లు 44 చుక్కలకూ 105 గీతలకూ కుదించారు. రష్యా నుంచి తూర్పు యూరప్‌కు ఈ మార్గాల మీద గరిష్ఠంగా ఎంత సరుకు వెళ్లగలదో లెక్కగట్టారు. 1,63,000 టన్నులని తేలింది. పటం మీద కొన్ని లైన్లకు అడ్డంగా ఒక గీత గీసి, ఇదే ఇరుకు అని గుర్తు పెట్టారు. వాళ్ల మనసు సరుకు పంపడం మీద లేదు, ఆపడం మీద ఉంది. ఎక్కడ తెంపితే తక్కువ శ్రమతో రాకపోకలు మొత్తం నిలిచిపోతాయన్నదే అసలు ప్రశ్న. ఈ నివేదిక మీది రహస్య ముద్ర 1999లో గానీ పోలేదు. అదైనా డచ్ గణితవేత్త అలెగ్జాండర్ స్క్రైవర్ అడిగితే.

హారిస్ అప్పటికే ఈ సమస్యను అదే సంస్థలోని లెస్టర్ ఫోర్డ్, డెల్బర్ట్ ఫుల్కర్సన్‌ల ముందు పెట్టాడు. వాళ్లు 1954లో సాధించి 1956లో ప్రచురించిన సిద్ధాంతం ఈనాడు ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ పాఠం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపగలిగిన గరిష్ఠ ప్రవాహమెంతో, ఆ రెంటినీ విడదీయడానికి తెంపవలసిన గీతల కనిష్ఠ సామర్థ్యం సరిగ్గా అంతే. కాలువల కింద సేద్యం చేసే రైతుకు దీని సగం ముందే తెలుసు: ఇరుకు తూము ఎంత వదిలితే చివరి చేనుకు అంతకు మించి రాదు. రెండో సగమే సిద్ధాంతం: ఇరుకు మేరకు నీరు పంపే దారి ఎప్పుడూ ఉంటుంది. ఏ గీతలు తెంపాలో వెతకడానికి ప్రవాహాన్ని పెంచుకుంటూ పోతే చాలు, ఇక పెరగనన్నచోట కోత దానంతటదే బయటపడుతుంది. వేల చుక్కలున్నా కంప్యూటరుకు ఇది పెద్ద పని కాదు.

దీనికి పాతికేళ్ల ముందు, 1930లో, ఎ.ఎన్. టాల్‌స్టాయ్ (నవలాకారుడు కాదు, రవాణా లెక్కల మనిషి) ఇదే సోవియట్ రైలు వ్యవస్థ మీద పది చోట్ల నుంచి 68 చోట్లకు సరుకు తక్కువ కిలోమీటర్లలో చేర్చే పద్ధతి రాశాడు. ఒకే పటం. ఒకరు బండ్లు నడపడానికి చూశారు, ఇంకొకరు ఆపడానికి. గణితానికి ఆ రెండు పనులూ చుట్టాలే.

ఇంతవరకూ నడక సాఫీగా సాగింది. ఇప్పుడు రెండు ఊళ్లకు బదులు మూడు ఊళ్లు తీసుకోండి. ఏ ఊరి నుంచీ ఇంకో ఊరికి దారి లేకుండా తక్కువ గీతలతో మూడింటినీ విడదీయాలి. రెండింటికి అంత సులువైతే మూడింటికి కాస్త ఎక్కువ పని పడుతుంది, అంతేగా అనిపిస్తుంది. కాదు. ఎలియాస్ డాల్‌హౌస్, డేవిడ్ జాన్సన్, క్రిస్టోస్ పాపడిమిట్రియు, పాల్ సేమూర్, మిహాలిస్ యానకాకిస్ 1994లో పూర్తిగా ప్రచురించిన వ్యాసంలో మూడు దగ్గరే సమస్య ఎన్‌పీ-కంప్లీట్ గుంపులో పడిపోతుందని నిరూపించారు.

ఆ మాటకు అర్థం చెప్పుకొని ముందుకు వెళదాం. 1971లో టొరంటోలో స్టీఫెన్ కుక్, 1973లో మాస్కోలో లియొనిద్ లెవిన్ ఎవరికి వారే కనిపెట్టిన సంగతి ఇది. కొన్ని సమస్యలకు జవాబు చేతికిస్తే సరిచూడటం తేలిక, వెతకడమే గగనం. వాటిలో ఒక్కదానికి వేగంగా పనిచేసే పద్ధతి దొరికితే అలాంటివాటన్నిటికీ దొరికినట్టే. 1972లో రిచర్డ్ కార్ప్ అటువంటి 21 సమస్యల జాబితా ఇచ్చాడు. ఇంతవరకూ ఒక్కదానికీ దొరకలేదు. దొరకదనీ ఎవరూ నిరూపించలేదు.

మాస్టారి బోర్డు దగ్గరికే వెళదాం. బొమ్మలో వలయాలేవీ మిగలకుండా గీతలు చెరపాలనుకోండి. చుక్కలన్నీ కలిసే ఉన్న బొమ్మలో పది చుక్కలు, పద్నాలుగు గీతలు ఉంటే తీయవలసినవి కచ్చితంగా అయిదు. వలయంలో ఉన్న గీతను ఎక్కడ కనబడితే అక్కడ తీసేస్తూ పోయినా అయిదే. గీతలకు ఖరీదులున్నా కష్టం లేదు. 1926లో ఓటకర్ బొరూవ్కా మొరేవియాలో కరెంటు లైన్ల కోసం కట్టిన లెక్క లాంటిదే ఇక్కడా పనికొస్తుంది. అదే గీతలకు బాణాలు తగిలించి, తిరిగి మొదటికొచ్చే దారి ఉండకూడదంటే సమస్య కార్ప్ జాబితాలోకి ఎక్కుతుంది. బాణాలు లేకపోయినా, గీతల బదులు చుక్కలు చెరపమంటే మళ్లీ కష్టమే. ఒక్క మాట మారిస్తే చాలు, నేల మారిపోతుంది.

మరో లక్షణం చూడండి. పెళ్లి భోజనాల్లో రెండు పంక్తులు వేశారు. పడనివాళ్లను ఒకే పంక్తిలో కూర్చోబెట్టకూడదు. మనుషులు చుక్కలు, పడకపోవడం గీత. ఇద్దరికి పడకపోతే చెరో పంక్తి. ముగ్గురిలో ఎవరికీ ఎవరితోనూ పడకపోతే? ఎవరో ఇద్దరు సర్దుకుపోక తప్పదు, అంటే ఒక గీత చెరిపెయ్యాలి. బేసి పొడవున్న ప్రతి వలయమూ ఇలాంటి చిక్కే. ఎంత తక్కువ జంటల్ని బతిమాలి పని గడుపుకోవచ్చన్నది పెళ్లివారి ప్రశ్న. గణితం దీన్ని మాక్స్ కట్ అంటుంది. కార్ప్ జాబితాలో ఇదీ ఉంది. అయితే గీతలు ఒకదాన్నొకటి దాటకుండా కాగితం మీద గీయగల బొమ్మలకు మాత్రం ఇది తేలికే. 1975లో ఎఫ్. హ్యాడ్‌లాక్ ఆ దారి చూపించాడు.

కచ్చితమైన జవాబు దొరకనప్పుడు దగ్గరి జవాబు వెతకాలి. ఎవరికైనా ఎదుటి పంక్తిలో కంటే సొంత పంక్తిలోనే పడనివాళ్లు ఎక్కువమంది ఉంటే, అతణ్ని లేపి అవతల కూర్చోబెట్టాలి. ఇలా ఎవరినీ లేపవలసిన అవసరం లేకుండా పోయేదాకా చేస్తే కనీసం సగం తగాదాలు పంక్తుల మధ్యకు వెళ్లిపోతాయి. ఈ పని ఏ పెద్దమ్మయినా చేస్తుంది. సగాన్ని దాటి గణనీయంగా ముందుకెళ్లడానికి చాలా ఏళ్లు పట్టింది. 1995లో మైకేల్ గోమన్స్, డేవిడ్ విలియమ్సన్ ప్రతి మనిషినీ ఒక గోళం మీది బాణంగా మార్చి, గోళాన్ని యాదృచ్ఛికంగా రెండుగా కోసి, అత్యుత్తమంలో 87.8 శాతం చేరుకున్నారు. యోహాన్ హోస్టాడ్ పనితో 16/17 వంతును దాటడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్యల్ని పరిష్కరించడమంత కష్టమని తేలింది. ఆ తర్వాత సుభాష్ ఖోట్ ప్రతిపాదించిన యూనిక్ గేమ్స్ ఊహ నిజమైతే 87.8 దగ్గరే గోడ ఉంది.

ఈ శాతాల్లో ఒక మోసం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. వెయ్యి తగాదాలున్న పెళ్లిలో పది జంటల్ని బతిమాలితే సరిపోతుందనుకోండి. మిగతా 990లో 87.8 శాతం నిలబెడతానన్న హామీ 130 జంటల దాకా బతిమాలవలసి వచ్చినా చెల్లిపోతుంది. నిలిచినవాటిని లెక్కిస్తే గొప్ప జవాబు, చెరిపినవాటిని లెక్కిస్తే దండగ. సమస్య ఒకటే, అత్యుత్తమ జవాబు ఒకటే, దగ్గరతనం కొలిచే బద్ద మాత్రం వేరు. చెరపడం గురించి మాట్లాడేవాళ్లు చెరిపినవే లెక్కపెట్టాలి.

ఇలా ఒక్కో లక్షణాన్నీ విడివిడిగా పట్టుకుంటూ పోవాలా, మొత్తానికి ఒకే సూత్రం ఉందా? చుక్కలు చెరిపే విషయంలో ఉంది. జాన్ లూయిస్, యానకాకిస్ 1980లో ప్రచురించిన ఫలితం ఒక్క దెబ్బతో పని పూర్తిచేసింది: చుక్కలు తీసేసినా చెడని లక్షణం ఏదైనా, అది మరీ పసలేనిది కాకపోతే చాలు, సమస్య కష్టమే. గీతల విషయంలో అంత ఊడ్పు కుదరలేదు. యానకాకిస్ 1978లోనూ 1981లోనూ ఒక్కో లక్షణానికీ ఒక్కో నిరూపణ కట్టవలసి వచ్చింది. కారణం ఒక త్రిభుజంలో కనిపిస్తుంది. రాముకు సోముతో, సోముకు భీముతో, భీముకు రాముతో స్నేహం. అందులో ఏ చుక్క తీసినా మిగిలినది అంతకుముందు ఉన్నదే. ఒక గీత తీస్తే మాత్రం అంతకుముందు లేని బొమ్మ పుట్టుకొస్తుంది: మధ్యలో ఒకరు, ఆయన స్నేహితులిద్దరూ ఒకరికొకరు తెలియనివారు. ఒక తప్పు దిద్దబోయి ఇంకో తప్పు చేయడమన్నమాట.

ఈ కథలో తెలంగాణ గడ్డ మీద రాసిన అధ్యాయం ఒకటుంది. ఐఐటీ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన పనిని ఎన్.ఆర్. అరవింద్, ఆర్.బి. సందీప్, నవీన్ శివదాసన్ 2017లో ప్రచురించిన వ్యాసంతో ఒక కొలిక్కి తెచ్చారు. ఏదైనా చిన్న బొమ్మ ఒకటి ముందే ఎంచుకోండి. పెద్ద బొమ్మలో ఎక్కడా అది యథాతథంగా కనబడకుండా తక్కువ గీతలు చెరపాలి. ఎంచుకున్న చిన్న బొమ్మలో రెండు గీతలుగానీ అంతకంటే ఎక్కువగానీ ఉంటే సమస్య ఎన్‌పీ-కంప్లీట్. ఒకటిగానీ అసలు లేకుండాగానీ ఉంటే తేలిక. మధ్యేమార్గం లేదు. గీతలే లేని చిన్న బొమ్మను వదిలించుకోవడానికి గీతలు చెరపడం దండగ, అలాంటివి పెరుగుతాయే తప్ప తరగవు. అక్కడ అడగవలసిన ప్రశ్నే మిగలదు. ఒకటికీ రెండుకీ మధ్య ఇంత సన్నని పొలిమేర ఉంటుందని ఎవరనుకుంటారు? నిరూపణలో అన్ని రకాల చిన్న బొమ్మలనూ దారికి తేవడానికి వాళ్లు పడ్డ పాట్లు వ్యాసం చదివితేనే తెలుస్తాయి.

కష్టమన్న ముద్ర పడగానే చేతులు ముడుచుకోనక్కర్లేదు. హాంకాంగ్‌లో పనిచేసే లైజెన్ కాయ్ 1996లో చూపిన ఉపాయం ఎంత సరళమో అంత బలమైనది. ఇందాకటి బొమ్మనే నిషేధించారనుకోండి: రాము-సోము స్నేహితులు, సోము-భీము స్నేహితులు, రాము-భీము కాదు. ఇది ఎక్కడా ఉండకూడదంటే మిగిలేవి ప్రతివారూ ప్రతివారికీ తెలిసిన ముఠాలే. జన్యువులను పోలికను బట్టి గుంపులు కట్టేవాళ్లకు ఇటువంటి లెక్కలు కావాలి. పది గీతలు మించి చెరపకూడదన్నది షరతు. బొమ్మలో ఇలాంటి దోషం ఒకటి పట్టుకోండి. అందులో ఉన్నవి రెండే గీతలు, వాటిలో ఒకటి పోవలసిందే. మొదటిది తీసి చూడండి, కుదరకపోతే రెండోది. ప్రతి మెట్టుకూ రెండు దారులు, పది మెట్లు, మొత్తం 1,024 కొనలు. చెరిపినప్పుడు కొత్త దోషం పుట్టినా భయం లేదు, ఎందుకంటే చేతిలో మిగిలిన చెరుపుల సంఖ్య మెట్టు మెట్టుకూ తగ్గుతూనే ఉంది. ఉపాయం లేకుండా వంద గీతల్లో పదిని ఎంచుకునే దారులన్నీ చూస్తే అవి సుమారు 17 లక్షల 31 వేల కోట్లు. కష్టాన్ని బొమ్మ పరిమాణం మీద కాక, చెరిపే గీతల సంఖ్య మీదికి నెట్టెయ్యడమే ఇందులోని కిటుకు. ఈ తోవలో మన దేశంలో చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ పేరు ముందు చెప్పాలి. వెంకటేశ్ రామన్, సాకేత్ సౌరభ్ పరిశోధనలు అక్కడివే.

లెక్కల్లో కోసినట్టే మనుషులు విడిపోతారా? 1970ల మొదట్లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు కరాటే క్లబ్బును వేన్ జకరీ అనే మానవశాస్త్రవేత్త గమనిస్తూ వచ్చాడు. 34 మంది సభ్యులు, వాళ్ల మధ్య 78 స్నేహపు గీతలు. శిక్షకుడికీ క్లబ్బు అధ్యక్షుడికీ ఫీజుల దగ్గర తేడా వచ్చి క్లబ్బు రెండుగా చీలింది. జకరీ ఆ ఇద్దరినీ రెండు కొసలుగా పెట్టి, ఫోర్డ్, ఫుల్కర్సన్‌ల పద్ధతితో కోత వేశాడు. సోవియట్ రైళ్ల లెక్క కరాటే క్లబ్బుకొచ్చిందన్నమాట. 1977లో అచ్చయిన ఫలితం ప్రకారం ఒక్కరు తప్ప అందరూ లెక్క చెప్పిన వైపే వెళ్లారు. ఆ ఒక్కరు తొమ్మిదో నంబరు సభ్యుడు. స్నేహాలు అధ్యక్షుడి వైపు మొగ్గినా అతను శిక్షకుడి వెంట నడిచాడు. బ్లాక్ బెల్ట్ పరీక్షకు మూడు వారాలే ఉంది మరి. గ్రాఫులో ఆ గీత లేదు.

2002లో మిషెల్ గిర్వాన్, మార్క్ న్యూమన్ అదే క్లబ్బు మీద ఇంకో రకంగా చెరిపారు. ఎక్కువ దగ్గరిదార్లు ఏ గీత మీదుగా పోతాయో దాన్ని తీసెయ్యడం, మళ్లీ లెక్కగట్టి మళ్లీ తీయడం. అక్కడా ఒక్కరే తప్పారు, కాకపోతే వేరే సభ్యుడు.

పశువుల సంతలు తెలిసినవాళ్లకు చివరి ఉదాహరణ ఇంకా దగ్గరగా ఉంటుంది. 2001 ఫిబ్రవరి 20న బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి బయటపడింది. మూడు రోజుల తర్వాత పశువుల రవాణా ఆపేశారు. ఈలోపే హెక్సామ్, లాంగ్‌టౌన్ సంతల మీదుగా గొర్రెలు చేతులు మారి దేశమంతా జబ్బును మోసుకెళ్లిపోయాయి. చివరికి 60 లక్షలకు పైగా జీవాలను చంపవలసి వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో జెస్సికా ఎన్‌రైట్, కిటీ మీక్స్ స్కాట్లండ్ పశువుల వ్యాపారాన్ని గ్రాఫుగా చూసి ఒక ప్రశ్న అడిగారు. పొలం చుక్క, అమ్మకం గీత. కొన్ని వ్యాపార బంధాలను ఆపితే, ఏ మూల రోగం పుట్టినా ఇన్ని పొలాలను మించి పాకకుండా చూడగలమా? మామూలుగా ఇది కష్టమైన సమస్యే. కానీ బొమ్మ చెట్టుకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే ట్రీవిడ్త్ అనే కొలత ఒకటుంది. ఆ కొలతా, ముక్క పరిమాణమూ చిన్నవైతే లెక్క లొంగుతుంది. నిజమైన వ్యాపార వివరాలు తీసి చూస్తే ఆ కొలత చిన్నదిగానే వచ్చింది. ఎవరికి ఎవరు అమ్ముతారన్నది యాదృచ్ఛికం కాదు, దానికో వరస ఉంటుందని సంతకు వెళ్లే రైతుకు ఎప్పుడో తెలుసు. తెగిన గీతంటే ఒక రైతు అమ్మకం ఆగిందని అర్థం, కాబట్టి ఎంత తక్కువ చెరిపితే అంత మేలు.

ఈ సభలో ఉన్న విద్యార్థుల కోసం ఒక బొమ్మ చెప్పి ముగించవచ్చు. మధ్యలో ఒక చుక్క, దానికి మూడు వైపులా మూడు చుక్కలు, మధ్య చుక్క నుంచి ఒక్కొక్కదానికి ఒక్కో గీత. పక్షి కాలి గోళ్లలా ఉంటుందని పరిశోధకులు దాన్ని క్లా అంటారు. ఇది ఎక్కడా యథాతథంగా మిగలకుండా కొన్ని గీతలు చెరపాలి. ఇది ఎన్‌పీ-కంప్లీట్ అని పైన చెప్పిన సిద్ధాంతమే చెబుతుంది. కాయ్ ఉపాయం ఇక్కడా నడుస్తుంది, మెట్టుకు రెండు బదులు మూడు దారులుంటాయి, అంతే. తేలనిది వేరే ఉంది. దారులు వెతకడానికి ముందే పెద్ద బొమ్మలో అనవసరమైనదంతా వేగంగా కత్తిరించి, చెరిపే గీతల సంఖ్యను బట్టి మితంగా పెరిగే చిన్న బొమ్మగా కుదించవచ్చా? ఇటువంటి కుదింపు కొన్ని చిన్న బొమ్మల విషయంలో సాధ్యం కాదని, నమ్మదగిన ఊహల మీద ఆధారపడి, స్టెఫాన్ క్రాట్ష్, మాగ్నస్ వాల్‌స్ట్రోమ్ 2009లోనే చూపించారు. క్లాతో పాటు డైమండ్ అనే నాలుగు చుక్కల బొమ్మను కూడా నిషేధిస్తే కుదింపు ఉందని తర్వాత తేలింది. క్లా ఒక్కదానికే ఉందా లేదా అన్నది మాత్రం, హైదరాబాద్ వ్యాసం రాసిన సందీప్ దానియల్ మార్క్స్‌తో కలిసి 2020లో ఈ విషయాన్నంతా కలియదిప్పేనాటికి కూడా తేలలేదు. ఇంటికి వెళ్లాక ఆ నాలుగు చుక్కలూ మూడు గీతలూ ఒక కాగితం మీద వేసి చూడండి. రబ్బరు దగ్గర పెట్టుకోండి.